ప్రతి వేసవికీ గ్యాస్ కొట్టిస్తున్నారా? కారు ఏసీలో దొరకని లీకును పట్టే పద్ధతి

కారు ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా వాడేకొద్దీ అయిపోయేది కాదు. గ్యాస్‌ని నొక్కి తోసే కంప్రెసర్ నుంచి బండి ముందు వేడిని వదిలే కండెన్సర్‌కి, అక్కడి నుంచి ప్రెషర్ తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటి డాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లోకి, మళ్లీ కంప్రెసర్‌కి అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి పోయేది ఉంటుంది, నిజమే, కానీ దానివల్ల ఏటా ఏసీ చతికిలపడదు. పోయినేడు నింపిన గ్యాస్ ఈ ఏడు లేదంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. దాన్ని వెతక్కుండా మళ్లీ నింపించడం అంటే డబ్బులు గాల్లో కలపడమే. పైగా మన కార్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ గ్యాస్ ఓజోన్ జోలికి పోదు గానీ, వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది.

విశాఖలో ఈ బెడద కాస్త ఎక్కువ. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు తిరిగే బళ్ల మీద ఉప్పు గాలి, పోర్టు, గాజువాక వైపు తిరిగే బళ్ల మీద దుమ్ము, పైన ఎప్పుడూ ఉండే తేమ. ఈ మూడూ కలిస్తే అల్యూమినియం కండెన్సర్‌ని మెల్లగా తినేస్తాయి. మార్చి నెలాఖరుకల్లా ఏసీ షాపుల ముందు వరస కడతాం, "గ్యాస్ తగ్గింది సార్, కొట్టించేయండి" అంటారు, కొట్టించుకుని వచ్చేస్తాం. ఎక్కడ తగ్గింది, ఎంత తగ్గింది అని అడిగేవాళ్లు తక్కువ. అసలు లీకు దొరికేది ఆ రెండో ప్రశ్న దగ్గరే. ఎంత గ్యాస్ ఎన్నాళ్లలో పోయిందో తెలిస్తే, ఏ పరికరంతో ఎక్కడ వెతకాలో సగం తేలిపోతుంది.

ముందు, పోయింది గ్యాసేనా?

చల్లదనం తగ్గిన ప్రతిసారీ తప్పు గ్యాస్‌ది కాదు. కండెన్సర్ ఫ్యాన్ తిరగకపోయినా, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, లోపల హీటర్ ఫ్లాప్ సగంలో ఇరుక్కున్నా ఇదే లక్షణం. ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో వేడిగాలి వచ్చి, మధురవాడ దాటి హైవే ఎక్కగానే చల్లబడుతోందంటే ముందు ఫ్యాన్ చూడండి.

గేజ్ తగిలించి, "ప్రెషర్ బాగానే ఉంది, గ్యాస్ ఫుల్లు" అని ఇంజన్ ఆపి ఉన్నప్పుడు చెప్పే మాట నమ్మకండి. సిస్టంలో కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఆ ప్రెషర్‌ని నిర్ణయించేది ఉష్ణోగ్రతే, గ్యాస్ బరువు కాదు. 30 డిగ్రీల దగ్గర ఆర్-134ఏ ప్రెషర్ 97 పీఎస్ఐ (టైరు గాలి కొలిచే లెక్కే) దగ్గర ఉంటుంది, లోపల 450 గ్రాములున్నా అంతే, 200 గ్రాములున్నా అంతే. ఇంజన్ నడుస్తున్నప్పుడు లో సైడు (కూలింగ్ కాయిల్ వైపు, తక్కువ ప్రెషర్), హై సైడు (కండెన్సర్ వైపు, ఎక్కువ ప్రెషర్) రెండూ ఉండాల్సినదానికంటే తక్కువ చూపిస్తూ, కంప్రెసర్ క్లచ్ టక్కుటక్కుమని ఆన్, ఆఫ్ అవుతుంటే అప్పుడు గ్యాస్ తగ్గిందని అనుమానించాలి.

ఖాయం చేసేది మాత్రం తూకం. రికవరీ మిషన్ ఉన్న షాపుకి వెళ్లండి, గ్యాస్‌ని గాల్లోకి వదిలేసే చోటికి కాదు. లోపలున్నదంతా వెనక్కి లాగితే ఎన్ని గ్రాములు వచ్చిందో మిషన్ చెబుతుంది. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది, చిన్న కార్లకి చాలావరకు 350 నుంచి 500 గ్రాముల మధ్య. ఆ రెండు అంకెలూ, పోయినసారి నింపిన తేదీ ఒక కాగితం మీద రాసుకోండి. అదే స్టిక్కర్ మీద గ్యాస్ పేరు కూడా చూసుకోండి. కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్ ఉంటుంది, దానికి మిషన్ వేరు, గ్యాస్ ఎక్కించే పోర్టులు వేరు.

పోయిన వేగాన్ని బట్టి దారి

నింపిన రోజో మర్నాడో ఖాళీ అయితే అది పెద్ద లీకు. నైట్రోజన్, సబ్బు నీళ్లతో ఆ పూటే దొరుకుతుంది. రాయి తగిలిన కండెన్సరో, ఎలుక కొరికిన పైపో, బిగించడం మరిచిపోయిన జాయింటో అయి ఉంటుంది.

నెల, రెండు నెలలు పడితే, గ్యాస్‌ని పసిగట్టి అరిచే ఎలక్ట్రానిక్ డిటెక్టర్ పని మొదలవుతుంది. సబ్బు బుడగ లేవడం అనుమానమే.

ఏడాదికోసారి, సీజన్‌కోసారి తగ్గేదే అసలు తలనొప్పి. కూలింగ్ కాయిల్, కంప్రెసర్ షాఫ్ట్ సీల్, గ్యాస్ ఎక్కించే సర్వీస్ పోర్టులోని పిన్ను, వేడెక్కితేనే వదిలే పైపు క్రింపు (రబ్బరు పైపుని అల్యూమినియం గొట్టానికి నొక్కి బిగించిన చోటు), వీటిలో ఏదో ఒకటి అవుతుంది. దీనికి డై (గ్యాస్‌తో పాటు ఎక్కించే మెరిసే రంగు), డిటెక్టర్ రెండూ కావాలి, ఓపిక అంతకంటే ఎక్కువ కావాలి.

"వ్యాక్యూమ్ పెట్టి అరగంట చూశాం, ముల్లు కదల్లేదు, లీకేం లేదు" అనే మాట మీరు తప్పక వింటారు. వ్యాక్యూమ్‌లో, అంటే పంపుతో లోపలి గాలంతా లాగేసినప్పుడు, లోపలికీ బయటికీ ఉండే తేడా మహా అయితే 14.7 పీఎస్ఐ. ఏసీ నడిచేటప్పుడు హై సైడులో 200 పైన ఉంటుంది. అదీగాక వ్యాక్యూమ్‌లో గాలి బయటి నుంచి లోపలికి నెడుతుంది, జాయింటులో అరిగిపోయిన రబ్బరు ఓ-రింగు ఆ నెట్టుడుకి బుద్ధిగా కూర్చుంటుంది కూడా. వ్యాక్యూమ్ నిలవకపోతే లీకు ఉన్నట్టే, నిలిస్తే మాత్రం లేనట్టు కాదు. వ్యాక్యూమ్ ఉన్నది లోపలి తేమని లాగేయడానికి.

కళ్లతో, వేళ్లతో

పరికరాల కంటే ముందు ఒక టార్చి, ఒక తెల్లటి పాత గుడ్డ చాలు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి గ్యాస్ పోయే చోట ఆయిల్ చెమ్మ కూడా చేరుతుంది, దానికి దుమ్ము అంటుకుని నల్లటి మచ్చ అవుతుంది. ప్రతి జాయింటు చుట్టూ గుడ్డతో తుడిచి చూడండి. కండెన్సర్ ముందు నుంచి చూసి వదిలేయకండి, కింది మూలల్లోనూ, బ్రాకెట్లు ఆనుకునే చోటా మట్టి, ఉప్పు కలిసి పేరుకుంటాయి, మన ఊళ్లో తూట్లు ఎక్కువగా పడేది అక్కడే. కంప్రెసర్ షాఫ్ట్ సీల్ వదిలేస్తుంటే ఆయిల్ క్లచ్ ప్లేటు మీద పడి, తిరిగే వేగానికి చుట్టూ చిమ్ముతుంది. ఆ క్లచ్‌కి ఎదురుగా ఉన్న భాగాల మీద ఒకే వరసలో సన్నటి ఆయిల్ గీత కనిపిస్తే సీల్‌ని అనుమానించవచ్చు.

అరకు, లంబసింగి ట్రిప్పులు వేసే ఏడు సీట్ల బళ్లకైతే ఇంకో పని ఉంది. వెనక సీట్లకి వేరే కూలింగ్ కాయిల్, దానికి బండి కింద నుంచి పోయే పొడవాటి పైపులు ఉంటాయి. లిఫ్ట్ ఎక్కించి చూడకుండా ముందు భాగమంతా వెతికి వెతికి అలసిపోతారు, లీకేమో వెనక చక్రం దగ్గర క్లాంపు రాసుకున్న చోట నింపాదిగా కూర్చుని ఉంటుంది.

తర్వాత సర్వీస్ పోర్టులు. లో సైడు, హై సైడు మూతలు తీసి, లోపల టైరు ట్యూబు పిన్నులాంటిది ఉంటుంది, దాని మీద ఒక చుక్క సబ్బు నీళ్లు వేసి నిమిషం ఆగండి. మెల్లగా బుడగ ఉబ్బితే మీ లీకు అక్కడే, పిన్ను మార్చడం చిన్న ఖర్చు. ఆ ప్లాస్టిక్ మూతలు దుమ్ము పడకుండా పెట్టినవి మాత్రమే అనుకుంటారు చాలామంది. కాదు, లోపల రబ్బరు వాషరు ఉన్న మూత నిజమైన సీలు. గ్యాస్ కొట్టాక మూత బెంచి మీదే వదిలేసే షాపులు తక్కువేం కాదు, బండి బయటికి తీసే ముందు మూతలు మీరే చూసుకోండి.

నైట్రోజన్ టెస్టు

ఉన్న గ్యాస్ రికవరీ చేశాక, ఖాళీ సిస్టంలోకి డ్రై నైట్రోజన్ ఎక్కించాలి. ఇది అలవాటున్న మెకానిక్ చేసే పని, ఇంట్లో ప్రయోగం కాదు. సిలిండర్‌లో రెండు వేల పీఎస్ఐకి పైగా ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా తగిలిస్తే ఏసీ పేలిపోతుంది, పక్కన మనిషి ఉంటే మనిషికీ ముప్పే. ఆక్సిజన్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, లోపల ఆయిల్ ఉంది, ప్రెషర్‌లో ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. టైర్లకి కొట్టే కంప్రెసర్ గాలి కూడా వద్దు, మన ఊరి గాలిలో ఉన్న తేమంతా సిస్టంలోకి ఎక్కుతుంది, మిగిలిన ఆర్-134ఏతో ప్రెషర్‌లో ఉన్న గాలి కలిస్తే అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

మొత్తం సిస్టంకి 150 పీఎస్ఐ చాలు. ఎక్కించాక ప్రతి జాయింటు మీద, ప్రెషర్ స్విచ్చి చుట్టూ, పైపు రబ్బరు అల్యూమినియంతో కలిసే క్రింపుల మీద సబ్బు నీళ్లు బ్రష్‌తో రాయాలి. నురగ ముందే ఎక్కువ లేపేస్తే బుడగ కనపడదు, అందుకే పల్చగా కలపండి. అయ్యాక మంచినీళ్లతో కడిగేయండి, సబ్బు అలాగే ఉండిపోతే అల్యూమినియానికి మంచిది కాదు.

దొరక్కపోతే రాత్రంతా అలా ఉంచమంటారు. ఉంచండి, కానీ అంకె చదివేటప్పుడు ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. మధ్యాహ్నం 35 డిగ్రీల దగ్గర 150 పెట్టిన నైట్రోజన్, తెల్లవారుజామున 26 డిగ్రీలకి చల్లబడితే లీకు లేకపోయినా 145కి దిగుతుంది. "ఐదు తగ్గింది, లీకుంది" అని కాయిల్ మార్చేస్తే కొత్త కాయిల్‌తో కూడా అదే ఐదు తగ్గుతుంది. మర్నాడు మధ్యాహ్నం అదే వేడికి వచ్చాక మళ్లీ చదవాలి, అప్పుడూ తగ్గి ఉంటేనే లీకు.

అలా తగ్గుతోంది, ఎక్కడో మాత్రం తెలియట్లేదు అంటే సిస్టంని ముక్కలు చేయాల్సిందే. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర పైపులు విప్పి, రెండు వైపులా బ్లాకింగ్ ప్లేట్లు బిగించి, కూలింగ్ కాయిల్‌ని విడిగా, మిగతాదాన్ని విడిగా నైట్రోజన్‌లో పెడితే ఏ ముక్కలో ప్రెషర్ దిగుతోందో తేలిపోతుంది. డాష్‌బోర్డు విప్పేముందు ఈ పరీక్ష చేయమని పట్టుబట్టండి. ఇందులో మెకానిక్‌కి పోయేది ఒక పూట, మీకు మిగిలేది అనవసరంగా డాష్ విప్పే ఖర్చు.

కండెన్సర్ మీద అనుమానమైతే విప్పి, రెండు నోళ్లూ మూసి, 200 పీఎస్ఐ పెట్టి నీళ్ల టబ్బులో ముంచడం ఆటోనగర్‌లో పాత పద్ధతి, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. ముంచగానే ఫిన్నుల మధ్య ఇరుక్కున్న గాలి గలగలా పైకొస్తుంది, దాన్ని చూసి లీకు అనుకోకూడదు. చేత్తో తట్టి, నీళ్లు నిలకడగా అయ్యేదాకా ఆగాలి. ఆ తర్వాత ఒకే చోట నుంచి, ఆవగింజంత బుడగ ఒకటి వచ్చి, కాసేపు ఏమీ లేక, మళ్లీ సరిగ్గా అక్కడి నుంచే ఇంకొకటి వస్తే అది సన్న లీకు. ఆ చోట మార్కర్‌తో గుర్తు పెట్టి తీసి చూస్తే తెల్లటి పొడి పట్టిన ట్యూబు కనిపిస్తుంది, గోరుతో గీకితే పొడి రాలుతుంది. అలాంటిదానికి వెల్డింగ్ చేస్తామంటారు. నాకైతే ఒప్పుకోవాలనిపించదు. ఒకచోట ఉప్పు తిన్న కండెన్సర్ పక్క ట్యూబులో కూడా తిని ఉంటుంది.

డిటెక్టర్: మధ్యాహ్నం వేడి కావాలి, గాలి వద్దు

మంచి ఎలక్ట్రానిక్ డిటెక్టర్ ఏడాదికి కొన్ని గ్రాములు పోయే లీకుని కూడా పసిగడుతుంది, కానీ పట్టుకునే మనిషి తొందరపడితే దానికేం తెలియదు. ఆర్-134ఏ గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, కిందికి జారుతుంది. అందుకే మూతిని జాయింటు కింద పెట్టి, తాకీ తాకనట్టు, సెకనుకి రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున నడపాలి. అరిస్తే తీసి, శుభ్రమైన గాలి చూపించి, మళ్లీ అక్కడికే రావాలి. మళ్లీ అరిస్తేనే లెక్క. పెట్రోలు ఆవిరి, డాష్ మీద పెట్టిన సెంటు సీసా, బ్రేక్ క్లీనర్ కూడా దాన్ని అరిపిస్తాయి.

సముద్రపు గాలి మొదలయ్యాక రోడ్డు పక్కన ఈ పని చేయడం దండగ, షట్టరు దించుకునే షాపులోనో, అపార్టుమెంటు సెల్లార్‌లోనో చేయాలి. ఇంకో కీలకం ఉంది, చాలామంది పట్టించుకోరు. ఏసీ నడిచేటప్పుడు కూలింగ్ కాయిల్‌లో 30, 40 పీఎస్ఐ మాత్రమే ఉంటుంది. ఇంజన్ ఆపి కాసేపు వదిలేస్తే రెండు వైపులా సమానమై, మన మధ్యాహ్నపు వేడికి 100 దాటుతుంది. కాబట్టి లో సైడు, కూలింగ్ కాయిల్ లీకులు వెతకాల్సింది ఇంజన్ ఆపేసి, బండి వేడిగా ఉన్నప్పుడు. హై సైడు, అంటే కండెన్సర్, కంప్రెసర్ నుంచి దానికి వెళ్లే పైపు, వీటిని ఏసీ పావుగంట గట్టిగా నడిపి, ఆపిన వెంటనే వెతకాలి. ఈ రెండూ తారుమారు చేసి తెల్లవారుజామున చల్లటి బండి మీద డిటెక్టర్ తిప్పితే చాలా లీకులు నోరు మెదపవు.

కూలింగ్ కాయిల్ కోసం: ఏసీ కాసేపు నడిపి, ఇంజన్, బ్లోయరు రెండూ ఆపి, అద్దాలు మూసి పదిహేను నిమిషాలు వదిలేయండి. లీకైన గ్యాస్ కాయిల్ పెట్టె అడుగున చేరుతుంది. నీళ్లు కారే డ్రెయిన్ పైపు దగ్గర డిటెక్టర్ పెట్టండి, నీటి చుక్క లోపలికి పీల్చుకోకుండా చూసుకోండి, మన తేమకి ఆ పైపు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. తర్వాత లోపలికెళ్లి, బ్లోయరు అతి తక్కువ స్పీడులో కొన్ని సెకన్లు తిప్పి ఆపి, కింది వెంట్ దగ్గర చూడండి. రెండుచోట్లా పదేపదే అరిస్తే కాయిల్ మీద అనుమానం దాదాపు ఖాయం, ఇందాక చెప్పిన బ్లాకింగ్ ప్లేట్ల పరీక్షతో నిర్ధారించుకుని అప్పుడు డాష్ విప్పమనండి.

డై ఎప్పుడు

డిటెక్టర్ కూడా తేల్చలేకపోతే, సరైన బరువు గ్యాస్‌తో పాటు యూవీ డై కొద్దిగా ఎక్కించి, వారం పది రోజులు బండి మామూలుగా తిప్పండి. సింహాచలం ఘాట్ ఎక్కి దిగితే ఇంకా మంచిది, వేడికీ కుదుపుకీ మాత్రమే వదిలే క్రింపులు అప్పుడు బయటపడతాయి. తర్వాత చీకట్లో యూవీ టార్చి, పసుపు కళ్లద్దాలతో చూస్తే లీకున్న చోట పచ్చటి పసుపులో మెరుస్తుంది. కొన్ని రకాల కూలెంట్ కూడా అలాగే మెరుస్తుంది, రేడియేటర్ పక్కన మెరుపు చూసి ఎగిరి గంతేయకండి. కూలింగ్ కాయిల్ కనపడదు కాబట్టి డ్రెయిన్ నీళ్లు ఒక తెల్ల గుడ్డ మీద పట్టి దాని మీద టార్చి వేయండి. వానాకాలంలో బండి కింద, కండెన్సర్ ముందు డై కడుక్కుపోతుంది, ఆ పదిరోజులు వాటర్ సర్వీసింగ్ కూడా చేయించకండి. డై అతిగా పోస్తే ఆయిల్ పల్చనవుతుంది, సీసా మీద రాసినంతే.

ఈవీ, హైబ్రిడ్ బళ్లయితే మామూలు డై, మామూలు కార్ల కంప్రెసర్‌లో పోసే పీఏజీ ఆయిల్ పనికిరావు. చాలావాటి కంప్రెసర్‌లో కరెంటు పారనివ్వని వేరే ఆయిల్ ఉంటుంది, హై వోల్టేజి కూడా ఉంటుంది కాబట్టి అది తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లండి.

"లీక్ స్టాప్" సీసాలు మాత్రం ముట్టుకోవద్దు. లోపల తేమ ఉంటే అది అక్కడే గట్టిపడి ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని మూసేస్తుంది, రికవరీ మిషన్‌ని కూడా పాడుచేస్తుంది, అది పోసిన బండిని కొన్ని షాపులు ముట్టుకోవు. చవగ్గా వస్తుందని వంటగ్యాస్ లాంటి హైడ్రోకార్బన్ నింపేవాళ్లకీ దూరంగా ఉండండి, కాయిల్ లీకైతే ఆ మండే గ్యాస్ వచ్చేది మీరు కూర్చున్న చోటికే.

దొరికాక

విప్పిన ప్రతి జాయింటుకీ కొత్త ఓ-రింగు, దానికి కంప్రెసర్ ఆయిల్ పూసి బిగించాలి, పొడిగా పెడితే మెలిపడి మళ్లీ లీకే. సిస్టం ఎక్కువసేపు తెరిచి ఉంటే లోపలి తేమని పీల్చే డ్రయ్యర్ మార్చాలి, ఈ ఊరి తేమలో అయితే తప్పనిసరి. కొత్త భాగం పెడితే దానికి తగ్గ ఆయిల్ కూడా కలపాలి. మళ్లీ నైట్రోజన్ పెట్టి చూడకుండా గ్యాస్ ఎక్కించనివ్వద్దు, ఎందుకంటే పెద్ద లీకు మూశాక దాని వెనక దాక్కున్న చిన్నది బయటపడటం మామూలే. తర్వాత కనీసం 30 నుంచి 45 నిమిషాలు వ్యాక్యూమ్, ఆపై స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములు తూకం వేసి గ్యాస్. "గేజ్ చూసి వేసేస్తాం సార్" అంటే ఒప్పుకోకండి. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. బిల్లు మీద గ్రాములు, తేదీ రాయించుకోండి. వచ్చే వేసవికి ఏసీ మళ్లీ తగ్గితే, లాగిన గ్రాముల్ని దానితో పోల్చి, గ్యాస్ ఏ వేగంతో పోతోందో అక్కడి నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టొచ్చు.